తేలిక ఇటుకల బట్టీ

నిన్న మా కోడలు మేడమీద చిన్న బట్టీ కట్టుకుంటానని రెండు రకాల ఇటుకలు తెచ్చి నా ముందు పెట్టింది. మట్టితో కప్పులూ గిన్నెలూ చేయడం ఈమధ్యే నేర్చుకుంటోంది. "వీటిలో ఏది మంచిది అత్తమ్మా?" అని అడిగింది. ఒకటి ఎత్తితే మణికట్టు వంగేంత బరువు. రెండోది లేత పసుపు రంగులో, ఒళ్ళంతా సన్నటి బెజ్జాలతో, చేతిలో ఉందో లేదో తెలియనంత తేలిక. దాన్ని పట్టుకోగానే నాకు బాన్సువాడలోని మా చిన్నమ్మ గుర్తొచ్చింది. ఆమెతో పాటు ఆమె పగ కూడా.

తొంభైల చివర్లో నేను బాన్సువాడలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతూ, మా అమ్మ చెల్లెలైన ఈ చిన్నమ్మ ఇంట్లోనే ఉండేదాన్ని. వాళ్ళది కుండలు చేసే ఇల్లు. చిన్నాయన పోయాక కుండలు తిప్పే సారె ముందు ఆమే కూర్చుంది. అది చిన్నాయన అన్నకు గిట్టలేదు. ఆయన్ని మేం పెద్దబాపు అనేవాళ్ళం. కుండలు కాల్చే ఆవం రెండిళ్ళకూ ఉమ్మడిది, వంతుల ప్రకారం వాడుకోవాలి. ఆ ఏడు ఆషాఢంలో చిన్నమ్మ బోనాల కుండలు చేసి, ఆరబెట్టి, ఆవం పక్కన రేకుల కింద పేర్చింది. మర్నాడు కాల్చాలి. మేం అన్నం తిని వచ్చేసరికి పెద్దబాపు వాటిని బయటికి నెట్టి, ఆ చోట తన కుండలు పెట్టుకున్నాడు. ఆకాశం అప్పటికే నల్లగా ఉంది. మేం ఒక్కటి లోపలికి తెచ్చేలోగా వాన అందుకుంది. ముందు అంచులు వంగాయి, తర్వాత పొట్టలు కూలాయి, చివరికి అంతా బురదే. ఆయన రేకుల కింద కూర్చుని బీడీ తాగుతూ చూశాడు. "ఆడిదానికి సారె ఎందుకు? కూలికి పోరాదా?" అన్నాడు. చిన్నమ్మ ఏడవలేదు. ఆ బురదను తట్టకెత్తుకుని ఇంటికి తెచ్చింది. దారిలో నాతో అన్నది ఒకటే మాట: "గాయన కుండలు గూడ గిట్లనే కరగాలె. నేను చూడాలె."

వానాకాలంలో కూడా కాల్చాలంటే కప్పు కిందే బట్టీ ఉండాలి. మామూలు ఇటుకతో కడితే ఆ సెగకు కప్పు వాసాలు అంటుకుంటాయి. బోధన్‌లో పాత బాయిలర్లు విప్పి వాటిలోని సెగ తట్టుకునే ఇటుకలు అమ్ముతారని ఎవరో చెబితే, రుద్రూర్ మీదుగా బస్సులో వెళ్ళాం. దుకాణదారు బరువైనవే ముందుకు తోశాడు. "గీ తేలికవి గోటితోటి గీకినా రాలుతయక్కా. గట్టివి తీస్కపో, జిందగీ అంత ఉంటయి" అన్నాడు. "లోపల మంట పెడితే బయటికి ఎంత సెగ వస్తదో చెప్పు" అంది చిన్నమ్మ. ఆయన, కాల్చి చూసుకోమని, రెండు రకాల్లోనూ ఒక్కొక్కటి ఇచ్చి పంపాడు. ఇంటికొచ్చి రెండింటినీ ఒక్కొక్క కొస పొయ్యిలోకి దూర్చి, మీద పప్పు పెట్టింది. పప్పు ఉడికేసరికి బరువు ఇటుక ఇవతలి కొస కూడా ముట్టనివ్వలేదు. తేలికది లోపల ఎర్రగా మండుతున్నా, ఇవతలి కొసమీద చిన్నమ్మ అరచెయ్యి ఆనించి అలాగే కూర్చుంది. చిన్నాయన పోయాక ఆమె నవ్వడం అప్పుడే చూశాను. పప్పు మాడింది. అదే తిన్నాం.

మళ్ళీ బోధన్ వెళ్ళి ఒక్కొక్క ఇటుకా ఏరింది. బీటలిచ్చినవీ, నూనె తాగినవీ, ఒక పక్క కరిగి గాజులా మారినవీ అవతల పడేసింది. మంట నేరుగా తగిలే పొయ్యిగూటికి మాత్రం బరువువే తీసుకుంది. తేలికవి రాలుతాయని దుకాణదారు చెప్పిన మాటను ఆమె కొట్టిపారేయలేదు. "పిల్లకు సంబంధం చూసినట్టు చూస్తున్నవక్కా" అని ఆయన విసుక్కుని, చివరికి మాకు చాయ్ కూడా తెప్పించాడు. ఇంటి వెనక రేకుల కింద బట్టీ లేచింది. పెద్దబాపు గోడ మీదుగా తొంగిచూసి, "అటుకులతోటి కడుతున్నవా ఏంది?" అన్నాడు. చిన్నమ్మ ఇంకో ఇటుక అందుకుంది.

నాలుగైదేళ్ళ తర్వాత ఒక ఆషాఢంలో ముసురు పట్టి విడవలేదు. పెద్దబాపు ఆవం నీళ్ళలో నానింది. కోటగిరి వైపు ఒక ఊరికి బోనాల కుండలు ఇస్తానని ఆయన మాటిచ్చి ఉన్నాడు. పచ్చి కుండలు ట్రాక్టర్‌లో వేసి, పైన పట్టా కప్పి, మా వాకిట్లోకి వచ్చాడు. "నీ బట్టీల జర జాగ ఇయ్యి. ఊరోళ్ళ ముందల ఇజ్జత్ పోతది" అన్నాడు. చిన్నమ్మ ఆయన్ని బట్టీ దగ్గర కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. బట్టీ సగం ఖాళీగా ఉంది, అది ఆయనకూ కనిపిస్తూనే ఉంది. ఆమె వెళ్ళి తలుపు దగ్గర ఇటుకలు పేర్చి మూసి, ఆయన చూస్తుండగానే మంట పెట్టింది. "జాగ లేదు బావా" అంది. బయట పట్టా చిరుగుల్లోంచి నీళ్ళు దిగుతున్నాయి. కాసేపటికి ట్రాలీలోంచి ఎర్రటి నీళ్ళు వాకిట్లోకి కారాయి. చిన్నమ్మ గడపలో కూర్చుని చివరిదాకా చూసింది. నేనూ పక్కనే కూర్చున్నాను. ఆ రోజు నాకు కలిగిన సంతోషాన్ని దాచుకోను.

ఊరికి ఇచ్చిన మాట కోసం ఆయన చిన్నమ్మ కుండలే తీసుకోవాల్సి వచ్చింది. ప్రతి కుండ మెడ మీదా ఆమె బొటనవేలి గుర్తు ఉంటుందని ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. వాటిని ఆయనే మోసుకెళ్ళి ఇంటింటికీ పంచాడు. మళ్ళీ సారె ముట్టుకోలేదు. కొన్నేళ్ళకు ఆయన పోయినప్పుడు, చిన్నమ్మ ఉన్నవాటిలో మంచి కుండ ఏరి, తానే చేతుల్లో పట్టుకుని ఆ ఇంటికి తీసుకెళ్ళింది. ఆమె మనసు కరిగిందనుకుని నేను చెయ్యి పట్టుకోబోయాను. ఆమె వెనక్కి తీసుకుంది. "కుండ ఇచ్చుడు మన కులపోళ్ళ పని. మాఫ్ చేసిన అనుకోకు బిడ్డా."

ఆమె పోయి కూడా చాలా కాలమైంది. ఇన్నేళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు క్షమించే ఉంటుందని చుట్టాలు ఇప్పటికీ అంటారు. ఏళ్ళు గడిచిపోతాయి, అంతే. మన తరఫున ఎవరినీ క్షమించి పోవు.