న్యాల్‌కల్ చేలో రాయి

ఆ రోజు నేను చేసిన తప్పు ఇది: చదవలేని వరుసను చదివినట్టు చెప్పాను. దయ్యాలను అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. జరిగింది మాత్రం రాస్తున్నాను.

అరవైల మొదట్లో నేను జహీరాబాద్‌లో బడిపంతులును. సెలవుల్లో హైదరాబాద్ వెళ్లి ఒక పెద్దాయన దగ్గర శాసనాల పాత లిపి నేర్చుకునేవాణ్ని. ఏడాదికే అంతా వచ్చేసిందనుకున్నాను.

న్యాల్‌కల్ దగ్గర ఒక చేలో రాతలున్న రాయి ఉందని తెలిసి వెళ్లాను. తడి కాగితం అద్ది, బ్రష్‌తో కొట్టి, సిరా పూసి నకలు తీసి ఎండబెట్టాను. అంతలో ఆ చేను పంచుకుంటున్న అన్నదమ్ములు బస్సప్ప, శివప్ప కూలీలతో వచ్చారు. గట్టు ఎక్కడన్నదే వాళ్ల తగువు.

“సార్, దీని మీద ఏం రాసిన్రో జర చెప్పున్రి. లేకుంటె మా అన్న రాయిని గూడ దున్నుతడు,” అన్నాడు తమ్ముడు శివప్ప.

చివరి వరుస అరిగిపోయింది. అరిగిన అక్షరాల్లో సుద్ద రుద్దవద్దని గురువుగారు చెప్పేవారు. రుద్దితే మనకు కావలసిన అక్షరమే కనిపిస్తుంది. తెలియదనడానికి సిగ్గుపడి రుద్దాను. రాయికి తూర్పున్న భూమి చిన్నవాడిదని ఉందన్నాను.

శివప్ప రాయి మీద చెయ్యి వేశాడు. “రాయి అబద్ధమాడుతదా అన్నా?”

బస్సప్ప తన చేతిలోని గొడ్డలి ఎత్తడం చూశాను. కదల్లేదు. శివప్ప కుడి చెయ్యి మణికట్టు దగ్గర తెగి రాయి కింద పడింది. రెండో దెబ్బ భుజంలో దిగింది. కూలీలు బస్సప్పను పడేసి పళ్లు రాలేదాకా తొక్కారు. బండిలో దవాఖానకు పోయేదాకా శివప్ప తల నా ఒళ్లో ఉంది. నా చొక్కా పిండితే నెత్తురు కారింది.

నెల తర్వాత, ఏమీ చెప్పకుండా, నకలు గురువుగారికి ఇచ్చాను. చివరి వరుసను ఆయన తడుముకోకుండా చదివారు: గట్టు తగువులో అన్న గొడ్డలికి తమ్ముడి కుడి చెయ్యి ఈ రాయి కింద పడింది. వందల ఏళ్ల నాటి రాత అన్నారు.

ఇద్దరం వెళ్లి చూశాం. పై వరుసలున్నాయి. చివరి వరుస చోట రాయి నున్నగా ఉంది, ఉలి తగిలిన గుర్తే లేదు. నకలు తీసింది కొట్లాటకు ముందు. ఇదెలా జరిగిందో నాకు నేటికీ తెలియదు.

బస్సప్ప మీద కేసు నడిచినప్పుడు కోర్టులో నా అబద్ధం ఒప్పుకున్నాను. శివప్ప ఇంటికి వెళ్లి అదే చెప్పాను.

పీట నా వైపు జరిపాడు. “తెల్వదన్న ముక్క గా దినమే అంటె అయిపోవు గద, సార్.”

ఆ ఏడు జొన్న కోతలకు సెలవు పెట్టి అతని చేనికి వెళ్లాను. తర్వాత ఎనిమిదేళ్లు వెళ్లాను. మొదటి రోజే వేలు కోసుకున్నాను. శివప్ప ఎడమ చేత్తో నా కొడవలి తీసుకున్నాడు.

“గిట్ల పట్టాలె,” అని చూపించాడు.