చుట్టాల్లేని మాట

ఈ నిఘంటువు తెరిచినప్పుడల్లా పసుపు వాసన, తంబాకు వాసన కలిసి ముక్కుకు తగులుతాయి. పసుపు వాసన గ్రేసమ్మ టీచర్‌ది, తంబాకు వాసన నాది. ఆర్మూర్‌లో పసుపు గోదాము వెనక ఒంటి గదిలో అద్దెకుండేదామె. బడి నుంచి రిటైరయింది, పెళ్లి చేసుకోలేదు, నా అన్నవాళ్లు లేరు. పదో తరగతి ఇంగ్లీషులో నేను రెండుసార్లు తప్పాను. మూడోసారీ తప్పితే బతుకంతా బీడీల చాట ముందేనని అమ్మ తేల్చేసింది. అందుకే ఆ చాట పట్టుకునే టీచర్ అరుగు మీదికి వెళ్లేదాన్ని. కట్టకొక అర్థం అన్నది ఆమె పెట్టిన నియమం. ఇరవై ఐదు బీడీలు చుట్టి దారం కట్టేసరికి ఒక కొత్త అర్థాన్ని వాక్యంలో పెట్టి అప్పజెప్పాలి.

ఒకరోజు ఆమె ఇంగ్లీషు నిఘంటువులో 'కీప్' అనే మాట వచ్చింది. నేను కిసుక్కున నవ్వాను. మా వాడలో ఆ మాట ఆడవాళ్లను తిట్టడానికే పనికొచ్చేది.

"నవ్వుతవేందే? మేకల్ని సాకుడు గదే, మాట నిలబెట్టుకునుడు గదే. పాలు ఇరగకుంట ఉండుడు గదే, మనిషిని ఎదురుచూడవెట్టుడు గూడ గదే."

"గిన్ని అర్థాల మాట యాడికెల్లి వచ్చింది టీచర్?"

ఆమె అద్దాలు సర్దుకుని సన్నటి అక్షరాల మీద వేలు పెట్టింది. "ఎవ్వలికి తెల్వదంట. వేరే భాషలల్ల దీనికి చుట్టాలు గూడ దొరకలేదంట బిడ్డా." అలా అని చాలాసేపు పేజీ తిప్పలేదు. నాకేమో చేతిలోని కట్ట మీదే ధ్యాస.

పరీక్షకు ముందు ఒక్కటే అడిగింది. "పాసైతే ఫస్ట్ నాకే చెప్పాలె. ఇంకెవ్వలికి చెప్పకముందే."

పాసయ్యాను. ఆ సంతోషంలో వాడంతా తిరిగి చెప్పాను. ఆమె దగ్గరికి మాత్రం ఉత్త చేతులతో ఎలా వెళ్లడం, ఒక చీర కొనుక్కుని వెళ్దామనుకున్నాను. నిజామాబాద్‌లో కాలేజీ, సాయంత్రాలు బట్టల దుకాణంలో పని. రేపు మాపు అంటూ ఆరు నెలలు గడిచాయి. చీర, మార్కుల మెమో పట్టుకుని వెళ్లేసరికి గదికి తాళం. ఇంటి ఓనరమ్మ తనింట్లోంచి టీచర్ నిఘంటువు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"పోయిన నెల దవాఖానల పానం ఇడిసింది. గిది నీకియ్యుమన్నది. రిజల్ట్ వచ్చిన దినం పేపర్ల నీ నంబర్ చూసుకుని మస్తు సంబురపడ్డది. పోయి పిల్లను పలకరించరాదు అంటే, 'నాకు తెల్వనట్టే ఉంట, అది ఉరుక్కుంట వచ్చి చెప్తది' అన్నది. పొద్దుగూకేదాంక అరుగు మీదనే కూసున్నది."

'కీప్' ఉన్న పేజీలోనే ఆ పేపరు ముక్క మడిచి ఉంది. నా నంబరు కింద పెన్సిల్ గీత. ఆమెకు కావలసింది చీర కాదని అప్పటిదాకా తట్టలేదు, అంత తెలివితక్కువదాన్ని నేను. మెమో కూడా ఆ ముక్క పక్కనే పెట్టేశాను.

తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, సొంత ఇల్లయింది. కానీ ఏ మంచి కబురు విన్నా ఇప్పటికీ వెంటనే నోరు తెరవను. మొదట చెప్పవలసిన మనిషి ఇంకా అరుగు మీద కూర్చునే ఉన్నట్టనిపిస్తుంది. కాసేపు ఊరుకుని, ఆ తర్వాతే ఇంట్లోవాళ్లకు చెబుతాను.