పాండురంగని మాల, చేతుల వణుకు

“నేను ముట్టలేదు మే, సామి సాక్షి.”

“నాకు తెలీదా? పండుకో.”

నాకూ మా ఇంటాయనకూ కడాకు జరిగిన మాటలు ఇవే. మందు మానాలని పాండురంగని మాల వేసుకున్నాడు. రెండు మూడు దినాలకే చేతులు వణికి, గోడ మీద పాములని అరిచి, ఫిట్స్ వచ్చి పోయినాడు. మాల మీద దొంగతనంగా తాగినాడు, సామి ఊరుకుంటాడా అనింది ఊరు. నా మొగుడు అబద్ధమాడలేదని నాకు తెలుసు. మరి ఎట్ల పోయినాడో మాత్రం అప్పట్లో నాకు తెలీలే.

ఆ తర్వాత కళ్యాణదుర్గంలో ఒక చిన్న ఆసుపత్రిలో ఆయాగా చేరినా. ఇప్పుడు చెప్పేది కరోనా పోయిన మరుసటేడు సంగతి. రాస్తాండేది నా మనవరాలు శైలజ. నిదానంగా రాసుకో పాపా.

గొర్లు మేపే ఓబులేసు హెర్నియా ఆపరేషనుకు వచ్చినాడు. ఆపరేషనుకు ముందు అందరినీ తాగుడు గురించి అడుగుతారు. స్క్రీనింగంటారు దాన్ని, నాలుగు మాటలడిగి లోపలి సంగతి పసిగట్టేది. కొత్త నర్సమ్మ వార్డులో అందరి ముందరా అడిగింది.

“తాగుతావా అన్నా?”

“రామ రామ! మెడలో పాండురంగడుండాడు, కనపడలేదా తల్లీ?”

పక్క మంచమాయప్ప నగినాడు. “అడిగేకి నీకు ఈ సామే దొరికినాడా!”

నర్సమ్మ గూడ నగి, లేదని రాసుకునింది.

మరుసటి పొద్దున, ఆపరేషనుకు ఒప్పుకున్నట్టు వేలిముద్ర తీసుకుంటాంటే బొటనవేలు కాగితం మీద నిలవలే. మా ఇంటాయన చేతులు గూడ ఇట్లనే వణికినాయి. డాక్టరు గూడ చూసినాడు.

“మాల ఎప్పుడు వేసుకున్నావప్పా?”

“మొన్ననే సార్.”

“అంతకుముందు?”

“పొద్దున లేస్తూనే కావల్ల సార్ ఈయప్పకు” అనింది పెండ్లాం.

డాక్టరు ఆపరేషను ఆపేసినాడు. ఇది విత్‌డ్రాయల్ అన్నాడు. దినామూ తాగే ఒంటికి మందు ఒక్కసారిగా ఆగితే, ఒళ్ళే తిరగబడుతుందంట. కనిపెట్టుకుని ఉండి మాన్పించల్లంట. సూదిమందేసి, సెలైను పెట్టినారు.

“అబద్ధం చెప్పినాడు సార్” అని నర్సమ్మ మొగం చిన్నది చేసుకునింది.

“లేదమ్మా, నిజమే చెప్పినాడు. మనమే సగం అడిగినాం.”

నేను వాకిలి కాడనే నిలబడినా. “సార్, తాగకుండా ఉన్నందుకు గూడ పోతారా?”

“పోతారమ్మా. ఏం?”

“ఊరికే సార్.”

ఓబులేసు తేరుకున్నాడు. ఆపొద్దు నుంచి మాల కనపడితే నర్సమ్మ నగదు. మనిషిని పక్కకు పిల్చి, ఎప్పుడు మానినావు, అంతకుముందు ఎట్లా అని అడుగుతుంది. లేదన్న మనిషిని గూడ ఇంకో మాట అడగల్లని నేనూ నేర్చుకున్నా.

శైలజా, మీ తాత తాగలేదని రాసినావు గదా? ఆ ముక్క ఒకసారి చదువు. గట్టిగా చదువు పాపా, వాకిట్లోకి వినపడల్ల.