ఉరుముకి ఎక్కిళ్ళు

జావా దీవిలో ఇంటర్నెట్టు ఎక్కడ మొరాయించినా కంపెనీ ఇంజనీర్లు ముందు పొనిమిన్ తాతకి దండం పెట్టి, ఆ తర్వాతే వైరు ముట్టుకుంటారు. అంటే, ముట్టుకోవాలి. వాళ్ళకింకా ఈ సంగతి తెలియదు.

బంతుల్ దగ్గరి పల్లెలో తాత జీవితమంతా పెంకులు కాల్చాడు. ఒంట్లో ఓపిక తగ్గాక బట్టీ కొడుక్కి వదిలేసి ఒక పెర్కుతుత్ గువ్వని చేరదీశాడు. పేరు గుంతుర్, అంటే ఉరుము. చూస్తే అరచేతిలో పట్టేంత పిట్ట. పొద్దున్నే పంజరాన్ని తాడుతో పొడుగాటి గడ చివరికి లాగితే తప్ప ఆ మహారాజు నోరు విప్పదు. దాని హోదాకి తగ్గట్టు తాత ఈమధ్యే పంజరానికి తళతళలాడే రేకు కప్పు కూడా వేయించాడు.

కిందటి నెల ఫోనులో జరిగిన గువ్వల పాటల పోటీలో గుంతుర్ పాట ముక్కలు ముక్కలుగా వినిపించింది. సోలో నగరంలో కూర్చున్న జడ్జి "ఈ గువ్వకి ఎక్కిళ్ళు" అని పక్కన పెట్టేశాడు. ఆ మాటతో తాతకి అన్నం సహించలేదు. మళ్ళీ పోటీ వచ్చే ఆదివారం. ఈలోగా ఆ ఎక్కిళ్ళు గువ్వవి కావు, ఇంటర్నెట్టువని తేల్చాలి.

తాత రౌటర్‌ని ఆపి మళ్ళీ పెట్టాడు. దాని పక్కనే ఫోను పెట్టి వేగం కొలిచాడు. తెర మీద వేగం చూపించే ముల్లు లేవలేదు. మనవరాలి లాప్‌టాప్‌కి నేరుగా వైరు తగిలించి చూశాడు. అప్పుడూ అంతే. తప్పు ఇంట్లో లేదన్నమాట. డాబా మీది డిష్ నుంచి వీధికంతా ఇంటర్నెట్టు పంచే పక్కింటి తుకిరన్‌ని కంచె దగ్గర పట్టుకున్నాడు.

"ఏరా, నీళ్ళు కలిపి అమ్ముతున్నావా?"

"నన్నంటావేం మామా! పొద్దున్నే పడిపోతోంది, సాయంత్రానికి గుర్రంలా ఉరుకుతోంది. వీధంతా నన్నే తిడుతోంది."

"ఎత్తులో ఎలా ఉందో నే చూస్తా ఉండు."

తాత పంజరం దించి, గువ్వని బుట్ట కింద పెట్టి, దాని చోట్లో ఫోను కూర్చోబెట్టాడు. లాగే ముందు ఒకసారి కొలిచాడు. ముల్లు చివరిదాకా ఎగిరింది! మళ్ళీ పరీక్ష నొక్కి, పంజరాన్ని పైకి లాగి, దించి చూశాడు. ముల్లు చచ్చిపడి ఉంది.

ఈలోగా తన డాబా ఎక్కి చూస్తున్న తుకిరన్ కేక పెట్టాడు. "మామా! ఆ రేకు కప్పు సరిగ్గా నా డిష్ మూతికి అడ్డమొస్తోంది! వీధి ఇంటర్నెట్టంతా మింగేది నీ ఉరుమేనయ్యా!"

"ఉరుముని అన్నావంటే ఊరుకోను. నీ డిష్ జరుపుకో."

"నీ గడే జరుపు మామా, నీకు పుణ్యముంటుంది."

తిట్టుకుంటూనే ఇద్దరూ గొయ్యి తవ్వి గడని కోళ్ళ గూడు పక్కన పాతారు.

ఆదివారం ముల్లు చివరిదాకా వెళ్ళి అక్కడే నిలబడింది. గుంతుర్ రెప్పవేయడం కూడా సోలోకి కనబడింది. గువ్వ మెడ అటు తిప్పింది, ఇటు తిప్పింది, కోళ్ళని ఎగాదిగా చూసింది. గడ కింద ఫోను పట్టుకున్న మనవరాలు, అంటే ఇది రాస్తున్న పిల్లే, "పాడమ్మా, పాడు బంగారం, తాత పరువు తీయకే" అని బతిమాలుతూనే ఉంది. గడువు అయిపోయింది.

"పెద్దాయనా," అన్నాడు జడ్జి, "ఎక్కిళ్ళు తగ్గాయి. పాట కూడా తగ్గింది."

తాత పంజరం దించాడు.

"ఇంటర్నెట్టు బ్రహ్మాండంగా ఉంది కదా తాతా, మరి గువ్వకేమొచ్చింది?" అంది మనవరాలు.

"దానికేం రాలేదు. నువ్వు మధ్యలో ఊపిరి పీల్చుకుని ఉంటే అది పాడేది."