మామ్మ చేతుల్లో పాత ఇల్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ వస్తువు పోయినా వెతికిపెట్టేది కళ్లు లేని మా మామ్మే. సూది జారినా, అమ్మ చెవిదిద్దు మర రాలినా, కళ్లున్న మేమందరం గుడ్లప్పగించి నిలబడితే ఆవిడ కింద కూర్చుని నేల మీద అరచెయ్యి ఒకసారి ఆడించి తీసేది. పైగా "కళ్లు అద్దెకిచ్చీసి తిరుగుతున్నారేటర్రా?" అని ఒక చురక. ఎనిమిదో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టేసినదాన్ని. నాకు తెలిసిన నాలుగు ముక్కలూ చాలావరకు ఆ అరచేతి దగ్గర నేర్చుకున్నవే.

మాది ఖరగ్‌పూర్‌లో రైల్వే క్వార్టర్. తాతయ్య వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన తర్వాత నాన్న అక్కడే చేరాడు. నాన్నకి పెళ్లి కాకముందే మామ్మకి కంటి నరాలు ఎండిపోయి చూపు పోయిందట. నేను పుట్టేసరికే ఆవిడ ఇల్లంతా చేతుల్లోకి ఎక్కించుకుంది. బియ్యంలో రాళ్లు ఏరేది, పప్పు పోపు పెట్టేది, నా జడ వేసేది. గోల్‌బజార్ కొట్లో కొత్త చీర అని చేతికిస్తే అంచు నలిపి చూసి, "ఇది ఒక ఉతుకు సూసిన గుడ్డే, ఒగ్గీ" అని అమ్మ చేత అక్కడే వదిలించేసేది.

ఎనభైల్లో ఒక వానాకాలం మా క్వార్టర్ పైకప్పు పెచ్చులూడిపోయింది. పక్క క్వార్టర్ ఖాళీగా ఉందని మమ్మల్ని అందులోకి మార్చారు. మధ్యలో ఒక్క గోడే అడ్డం. "మామ్మకి ఏ ఇబ్బందీ నేదు, అచ్చం ఈ ఇల్లులాగే ఉంటాది" అని అమ్మ సంబరపడింది. మేమందరం అదే అనుకున్నాం. రైల్వేలో పుట్టి పెరిగినవాళ్లం, జంట క్వార్టర్లు ఎలా కడతారో రోజూ చూస్తున్నవాళ్లం, అయినా ఒక్కరికీ తట్టలేదు. అచ్చమే. ఎడమ కాలి చెప్పుకి కుడి కాలి చెప్పు ఎంత అచ్చమో అంత అచ్చం. పాత ఇంట్లో వంటగది కుడివైపు, ఇక్కడ ఎడమవైపు.

మర్నాడు పొద్దున్నే మామ్మ అలవాటుగా కుడివైపు తిరిగి వంటగదిలోకి వెళ్లబోయింది. గోడ నుదుటికి తగిలింది. సాయంత్రం పెరట్లోకి పోబోయి, ఇక్కడ అటుపక్క లేని మెట్టు కోసం కాలు చాపి పడింది. దెబ్బలు చిన్నవే. కానీ ఆవిడ మంచం మీద కూర్చుని రెండు అరచేతులూ ఒళ్లో పెట్టుకుని, "ఈ ఇల్లు నన్ను తోసేస్తన్నాది" అంది. ఇక లేవలేదు. అమ్మ కంచం మంచం దగ్గరికే తెచ్చేది. రెండు ముద్దలు తిని తోసేసేది. నా జడ కూడా అమ్మే వేసేది. ఇంట్లో పెద్ద వాగుడుకాయని నేను. ఎన్ని వేషాలు వేసినా మామ్మ నవ్వలేదు. ఆ చేతులు అలా ఊరికే పడి ఉండటం చూస్తే నాకు భయమేసేది. ఇక మామ్మ అక్కణ్ణుంచి లేవదని అమ్మ మెల్లిగా నాన్నతో అంటుంటే విన్నాను.

అప్పుడు తాతయ్య పొడుం డబ్బీ పోయింది.

"నా డబ్బీ ఏదర్రా! ఈ కొంపలో నా డబ్బీ ఎవులు తీసినారు?" అని ఇల్లు పీకి పందిరేశాడు. డబ్బీ మామ్మ మంచం కిందే ఉంది. నేను నోరు తెరవబోతే తాతయ్య పెదాల మీద వేలు పెట్టాడు. పాపం నాన్న వంగి తీసి ఇవ్వబోయాడు. తాతయ్య చూసిన చూపుకి డబ్బీ అక్కడే వదిలేసి డ్యూటీకి వెళ్లిపోయాడు. ఆ అరుపులు భరించలేక చివరికి మామ్మే మంచం దిగి తడిమి తీసి, "ఇదిగో, మూసుకో" అంది.

మర్నాడు డబ్బీ మళ్లీ పోయింది. ఈసారి గడప పక్కన. తర్వాత కిటికీలో, ఆ తర్వాత వంటగదిలో ఉప్పు జాడీ వెనక. పోయిన ప్రతిసారీ మంచానికి మరికాస్త దూరంగా పోయేది. మామ్మ తిట్టుకుంటూ, గోడ పట్టుకుని, నేల తడుముకుంటూ వెళ్లేది. తోవలో దొరికిన ప్రతిదాన్నీ వేళ్లతో పలకరించేది.

ఒక రోజు తాతయ్య దాన్ని పెరట్లో బట్టలుతికే బండ మీద పెట్టాడు. మామ్మ ఈసారి గోడ పట్టుకోకుండానే బయల్దేరింది. వంటగదికి తిరగాల్సిన చోట ఆగిపోయింది. కుడి చెయ్యి దానంతట అదే లేచి గోడని తాకింది. పాత ఇల్లు ఇంకా ఆ చేతిలోనే ఉంది. ఆవిడ మొహం వాడిపోయింది. నేను పరుగెత్తి చెయ్యి పట్టుకోబోయాను. తాతయ్య నా మణికట్టు పట్టుకుని ఆపాడు. ఇనుము తిప్పిన చెయ్యి, నొప్పెట్టింది. ఆ చెయ్యి వణుకుతోందని కూడా తెలిసింది.

చాలాసేపటికి మామ్మ ఎడమ చెయ్యి మెల్లిగా గాల్లోకి చాపింది. గుమ్మం చేతికి తగిలింది. దాన్ని పైనుంచి కిందదాకా నిమిరి, లోపలికి నడిచి, వంటగది దాటి, పెరటి మెట్టు దిగి, డబ్బీ పట్టుకుని వచ్చింది. తాతయ్య చేతిలో పెట్టి, "కాళీ డబ్బీ కోసం ఇన్నాళ్లు ఈ గోలేటయ్యా?" అంది.

మేం బిక్కమొహాలేశాం. డబ్బీ మొదటి పూటే తేలిగ్గా తగిలిందట. తాతయ్య తల దించుకుని, "నువ్వు మంచం పట్టినకాడి నుంచి పీల్చబుద్ధి కానేదే" అన్నాడు.

ఆ సాయంత్రం నా జడ వేస్తున్నప్పుడు అడిగాను, తెలిసీ ఎందుకు వెతికావని. "మీ తాత గొంతులో బెంగ ఇనబడినాది గుంటా. నాను లేవకపోతే ఆ ముసిలోడు పడిపోతాడనిపించినాది" అంది.

మొన్నామధ్య డాక్టరీ చదువుతున్న మా మేనల్లుడు చెప్పాడు. చూపు పోయినవాళ్ల మెదడులో చూపు కోసం ఉన్న జాగా ఊరికే పడి ఉండదట, వేళ్ల స్పర్శ కూడా నెమ్మదిగా అందులోకి చేరుతుందట. "ఇందులో వింతేటిరా, ఖాళీ అయిన క్వార్టర్ని రైల్వేవాళ్లు ఇంకొకళ్లకి ఇచ్చీయరా?" అన్నాను. వాడు పగలబడి నవ్వాడు. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు. మేం మంచాలూ బిందెలూ మోశాం గానీ, మామ్మ తలలో కట్టుకున్న ఇల్లు మేం మోయగలిగేది కాదు. దాన్ని ఆవిడే, వేలు వేలుగా, మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది.

పోయినేడు మా ఆయనకి పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. ఇప్పుడిప్పుడే లేచి నడుస్తున్నాడు. గడప దగ్గర తడబడినప్పుడల్లా నా చెయ్యి ముందుకు పోతుంది. సరిగ్గా అప్పుడే మణికట్టు చుట్టూ తాతయ్య పట్టు బిగుస్తుంది, ఆ వణుకుతో సహా. ఆగిపోతాను. మా ఆయన చేతికి గుమ్మం తగిలేదాకా ఊపిరి బిగబట్టి నిలబడతాను.