నూనె వేయని ప్లేటు

అమీర్‌పేటకు మెట్రో వచ్చిన మరుసటి వేసవిలో నేను పంజాగుట్టలోని ఒక ప్రైవేటు ల్యాబ్‌లో మైక్రోబయాలజిస్టుగా పనిచేస్తున్నాను. చీము, గొంతు, చర్మం, ఏ శాంపిల్ వచ్చినా అందులోని సూక్ష్మజీవిని ఆహారం పోసిన ప్లేటు మీద పెంచి, పేరు తేల్చి, రిపోర్టు మీద సంతకం చేయడం నా పని. కుర్చీలో పది నిమిషాలు కుదురుగా కూర్చోలేని మనిషిని. నలభై ఎనిమిది గంటల్లో ఏమీ పెరగకపోతే 'నో గ్రోత్' అని రాసి ప్లేటు పారేయించేదాన్ని.

స్వప్న కృష్ణానగర్‌లో ఉండే గ్రూప్ డాన్సర్. వీపు నిండా, ఛాతీ మీద చిన్న చిన్న పొక్కులు. స్కిన్ డాక్టరు వాటిని మొటిమలనుకుని యాంటీబయాటిక్ ఇచ్చారు. తగ్గకపోయేసరికి శాంపిల్ మాకు పంపారు. అలా మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ 'నో గ్రోత్' అనే రాశాను. ఆయన ప్రతిసారీ మందు మార్చి ఇంకో కోర్సు రాశారు.

మూడో రిపోర్టు చూసి ఆమె కౌంటరు దగ్గర గొడవ పెట్టుకుంటే నన్ను పిలిచారు.

"ఏం లేదంటరు, గీ వీపు చూడుండ్రి మేడమ్. నొప్పి లేదు, దురద మస్తున్నది. గోళీలు ఏసుకున్నకొద్ది ఎక్కువైతున్నది. పది రోజులల్ల సాంగ్ షూట్ ఉంది, వీపు కనపడే బ్లౌజు. మాస్టర్ చూస్తే గ్రూపులకెళ్లి తీసేస్తడు."

దురద అనగానే ఉలిక్కిపడ్డాను. మొటిమ నొప్పి పెడుతుంది కానీ ఇంతగా దురద పెట్టదు. డాక్టరు చీటీలో ఆ మాట లేదు, నేనూ ఎప్పుడూ అడగలేదు. అప్పటికప్పుడు ఒక పొక్కు చిదిమి, స్లైడు మీద రంగు వేసి చూశాను. సగ్గుబియ్యం గింజల్లా గుండ్రటి ఈస్ట్ కణాలు, ఒకదాన్నుంచి ఒకటి మొలుస్తూ, గుంపులు గుంపులుగా ఉన్నాయి. మలసీజియా అనే ఫంగస్. అందరి చర్మం మీదా కొద్దోగొప్పో ఉండేదే. చుట్టూ ఉన్న బాక్టీరియాను యాంటీబయాటిక్ చంపేసరికి అడ్డు లేక వెంట్రుక కుదుళ్ళలో పెరిగిపోయింది. దానికి సొంతంగా కొవ్వు తయారుచేసుకోవడం రాదు. నూనె అందిస్తే గానీ ప్లేటు మీద పెరగదు. నేను మూడుసార్లూ నూనె వేయలేదు. ఇది తెలియక కాదు, తొందర.

డాక్టరుకు వెంటనే ఫోన్ చేశాను. యాంటీబయాటిక్ మాన్పించి ఫంగస్ మందు మొదలుపెట్టారు. నేను ఆలివ్ నూనె వేసిన ప్లేటు పెట్టి, ఆ వారమంతా కాలు కాలిన పిల్లిలా ప్లేటును వెచ్చగా ఉంచే ఇన్‌క్యుబేటర్ చుట్టూ తిరిగాను. ఐదో రోజున మీగడ రంగు చుక్కలు లేచాయి.

వీపు బాగుపడటానికి నెల పట్టింది. ఈలోగా షూటింగ్ అయిపోయింది, ఆమె బదులు వేరే అమ్మాయి ఆడింది. చివరిసారి వచ్చినప్పుడు స్వప్న కోపం లేకుండానే అడిగింది.

"మొదటిసారే గిట్ల చూడొచ్చు గదా మేడమ్?"

చూడొచ్చమ్మా, అన్నాను. సిగ్గేసింది.

'నో గ్రోత్' అంటే పేషెంటుకు ఏమీ లేదని కాదు, నేను పెట్టిన తిండి తినేది ఏదీ కనిపించలేదని మాత్రమే. రిటైరయ్యేదాకా ఆ మాట రాసిన ప్రతి రిపోర్టు కిందా ఏ ప్లేటు వాడామో, ఎన్ని గంటలు చూశామో రాయించాను. సంతకానికి ముందు పేషెంటును ఒక్క ప్రశ్నైనా అడిగాను.