కరెంటు పోతే పోట్లాట

భాష్యంగారికి ఉన్న జబ్బు ఒక్కటే. కరెంటు పోయిందంటే చాలు, ఎదురింటి చిన్నస్వామితో పోట్లాడాలి. కరెంటు ఉన్నంతసేపూ ఆయనంత నెమ్మదస్తుడు తిరువొత్తియూరు మొత్తంలో లేడు. రైల్లో తన కాలు తొక్కినవాణ్ణి కూడా "నీ కాలు బాగుండాదా నాయనా?" అని అడిగే రకం. ఫ్యాను ఆగిందా, లుంగీ ఎగ్గట్టి ఎదురు తలుపు దబదబా బాదేవారు.

"ఏమయ్యా, నీ వాషింగ్ మిషన్ వల్లే గదా పోయింది?"

"నాకు మిషన్ ఏడుందన్నా? చేత్తో ఉతుక్కుంటా ఉండా!"

"అంత గట్టిగా ఉతికితే పోదా మరి?"

కరెంటు రాగానే మాట మధ్యలోనే ఆపేసి, "సరి, పోయొస్తా" అని వచ్చేసేవారు. భార్య వరదలక్ష్మికి తల కొట్టేసినట్టుండేది.

ఇంతలో కూతురు ఇంద్రజ ఇన్వర్టర్ పెట్టించింది. ఇక కరెంటు పోయినా ఫ్యాను ఆగదు. పీడ విరగడైందని వరదలక్ష్మి సంతోషించింది. భాష్యంగారికి మాత్రం అన్నం సయించలేదు.

"కరెంటు ఎప్పుడు పోయిందో తెలీకపోతే ఎట్లా?"

"గాలొస్తా ఉండాది, లైటెలగతా ఉండాది. తెలిసి ఏం చేస్తారండీ?"

ఆయన ఎలక్ట్రానిక్ సామాన్లమ్మే రిచ్చీ స్ట్రీట్‌కు వెళ్లి, కరెంటు పోగానే కూత పెట్టే పెట్టె చేద్దామని గోరంత మైక్రోకంట్రోలర్ ఉన్న బోర్డొకటి తెచ్చారు. మొదట దాని పిన్నుకు ఒట్టి తీగ తగిలించి గోడ ప్లగ్గు పక్కన వేలాడదీశారు. అది ఇన్వర్టర్ కరెంటునూ కరెంటే అంది, వరదలక్ష్మి చేయి తగిలినా కరెంటే అంది.

"నన్ను గూడా కరెంటంటా ఉండాదే!"

"అది మాత్రం పొరబాటు కాదులే."

తరువాత ఇన్వర్టర్‌తో సంబంధం లేని గీజర్ ప్లగ్గుకు ఫోను చార్జర్ పెట్టి, దాన్ని బోర్డుకు కలిపారు. కరెంటు పోయినా చార్జర్ లోపల మిగిలినదాంతో కాసేపు ఊపిరి బిగబట్టి నిలిచేది. "ఈలోగా కొంప మునగతాది!" అని దాన్నీ పీకేశారు. చివరికి ఆప్టోకప్లర్ కుదిరింది. దాని లోపల ఒకవైపు మెయిన్స్ కరెంటుకు బుల్లి దీపం మినుకుమంటుంటే, రెండోవైపు నుంచి బోర్డు కనిపెట్టి ఉంటుంది. మధ్యలో తీగ లేదు కనుక షాకు భయం లేదు. మినుకు ఆగగానే పెట్టె కీచుమంటుంది. పోట్లాటలు మళ్లీ మొదలయ్యాయి.

ఒకనాడు వానకు సాయంత్రమే చీకటి పడింది. పెట్టె కీచుమంది. భాష్యంగారు స్నానాల గదిలో ఉన్నారు.

"వరదా! నాకు ఒళ్లంతా సబ్బు. నువ్వు పోయి చిన్నస్వామిని తిట్టు!"

"నేనా? ఏమని?"

"ఏదో ఒకటి! బిన్నా పో, జాగు చేయకుండా!"

ఆమె తలుపు తట్టింది. చిన్నస్వామి రెండు చేతులతో ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు. వాన చలిలోనూ చొక్కా చెమటతో తడిసిపోయింది. వెనక ఇల్లంతా చీకటి.

"అన్న రాలేదా వదినా?" వెనక్కి చూడకుండానే అడిగాడు.

వరదలక్ష్మికి విషయం అర్థమైంది. వెంటనే నడుముకు కొంగు చుట్టింది.

"నేనొచ్చినా చాల్లే! నీ గొడుగు నీళ్లన్నీ మా గడపలోకొస్తా ఉండాయి!"

"నాకు గొడుగే లేదు గదా!"

"లేకుంటే కొనుక్కోవాల!"

చిన్నస్వామి నవ్వేశాడు. ద్వారబంధం మీద పట్టు సడలింది. కరెంటు వచ్చేదాకా ఆమె గొడుగుల గురించి దులిపేస్తూనే ఉంది.

ఇంటికొచ్చేసరికి భాష్యంగారు తల తుడుచుకుంటున్నారు.

"చీకటంటే వాడికి పై ప్రాణం పైనే. ఒకసారి ధైర్యం చెప్పబోతే సిగ్గుపడి తలుపేసుకున్నాడు. పోట్లాటకైతే పరిగెత్తుకొస్తాడు," అన్నారు, తువ్వాలులో మొహం దాచుకుని.

తరువాతిసారి పెట్టె కీచుమనగానే ఇద్దరూ బయల్దేరారు. ముందు ఎవరు తిట్టాలన్న దగ్గర వరండాలోనే మాటామాటా పెరిగింది. చిన్నస్వామి తనంతట తానే తలుపు తీసుకుని చీకట్లోకి వచ్చి, ఇద్దరికీ రాజీ చేశాడు.